48 డాలర్ల బంగినపల్లి బాక్సు: కాయ మంచిదే, అమ్మినాయనతోనే పేచీ

మే నెల వస్తే డాలస్‌లో మన వాట్సాప్ గ్రూపుల నిండా మామిడిపళ్ళ గోలే. ఈసారి మేమూ ఒకాయనకి ముందే డబ్బు కట్టి రెండు బాక్సులు బంగినపల్లి చెప్పాం. బాక్సు 48 డాలర్లు, లోపల పది కాయలు. అమ్మకి ఫోన్‌లో చెప్తే "ఆ డబ్బుకి ఇక్కడ ఊరంతా పంచొచ్చు కదరా" అంది.

రేటు గురించి నేనేమీ అనను. ఈ కాయ విమానం ఎక్కాలి, ఎక్కే ముందు టెంకపురుగు లాంటివి ఇక్కడికి రాకుండా 400 గ్రేల (గ్రే అంటే రేడియేషన్ మోతాదుకి కొలత) రేడియేషన్ పెట్టించాలి, 2007లో మన మామిడిని అమెరికా రానిచ్చింది ఈ షరతు మీదే. మొదట్లో నాసిక్ దగ్గర లాసల్‌గావ్‌లో, ఉల్లిగడ్డలు మొలకెత్తకుండా కట్టిన ప్లాంటులోనే ఆ పని చేశారు. (రేడియేషన్ అనగానే కంగారు పడకండి, కాయలో ఏమీ మిగలదు.) మెక్సికో కాయకి వేడినీళ్ళలో ముంచితే సరిపోతుంది, పైగా లారీలో వచ్చేస్తుంది, అందుకే అంత చవక.

గొడవల్లా ఇక్కడికి వచ్చాకే. శుక్రవారం దిగిన సరుకు మంగళవారం సాయంత్రం గుడి పార్కింగ్‌లో మా చేతికొచ్చింది. ఇన్నాళ్ళూ ఎక్కడుంచారంటే "కూలర్‌లో పెట్టించా అన్నా, ఫ్రెష్‌గా ఉంటాయని" అన్నాడు. కొంప ముంచింది అదే. మాగని మామిడికాయని 12, 13 సెల్సియస్ డిగ్రీల కంటే చల్లగా రోజుల తరబడి ఉంచితే తర్వాత ఏం చేసినా సరిగ్గా మాగదు. మొదటి బాక్సులో నాలుగు కాయలకి తోలు మీద బూడిదరంగు మచ్చలు, కోస్తే లోపల చప్పగా, గట్టిగా. ఇంకో రెండు ముచ్చిక దగ్గర నల్లబడి మెత్తబడ్డాయి. ఫొటోలు పెట్టి మూడుసార్లు అడిగితే పది డాలర్లు వెనక్కిచ్చాడు.

రెండో బాక్సు మాత్రం ఎలా తప్పించుకుందో, కాయల్ని పేపర్లో చుట్టి వంటింట్లో ఓ మూల పెడితే మూడో రోజుకి తలుపు తీయగానే వాసన. పీచు లేదు, కండ దట్టంగా ఉంది, పెరుగన్నంలో నంజుకుని మా ఆవిడ పది నిమిషాలు ఎవరితోనూ మాట్లాడలేదు.

వచ్చే ఏడూ తెప్పిస్తాం, కానీ ఈయన దగ్గర కాదు. సరుకు దిగిన రోజే ఇచ్చేవాళ్ళుంటే ఐదు డాలర్లు ఎక్కువైనా వాళ్ళ దగ్గరే తీసుకోండి. డబ్బు కట్టే ముందే "దిగాక కూలర్‌లో పెడతారా?" అని అడగండి, పెడతామంటే వద్దనేయండి.