ఓపెన్‌బీఎస్‌డీ: 2017 నుంచి వాడుతున్నవాడి మాట

ఓపెన్‌బీఎస్‌డీ అంటే విండోస్, లైనక్స్‌లాంటి ఆపరేటింగ్ సిస్టమే. 2017లో దాని 6.1 వెర్షన్ వచ్చినప్పుడు పాత థింక్‌ప్యాడ్ ల్యాప్‌టాప్‌లో సరదాకి వేశాను. మళ్లీ తీయలేదు. తర్వాత ఇంటి రూటర్ కూడా దీని మీదికే మార్చాను. ఇన్నేళ్లలో నాకు బాగా అర్థమైంది ఒకటుంది. ఈ సిస్టమ్ బగ్‌ని కడుపులో పెట్టుకోదు, నలుగురిలో నిలబెడుతుంది.

ఆ బగ్ నాదైనా సరే. యూపీఎస్ రీడింగులు ఫైల్లో రాసే చిన్న ప్రోగ్రామ్ ఒకటి సీ భాషలో రాసుకున్నాను. లైనక్స్‌లో మూడేళ్లు కిక్కురుమనకుండా నడిచింది. ఇక్కడ కంపైల్ చేసి నడిపితే రెండు నిమిషాల్లో సెగ్మెంటేషన్ ఫాల్ట్ అని కూలిపోయింది. ముందు సిస్టమ్‌నే తిట్టుకున్నాను. డీబగ్గర్‌లో చూస్తే పాయింటర్, అంటే మెమరీ చిరునామా, ఉండాల్సిన చోట డీఎఫ్ డీఎఫ్ డీఎఫ్ అని వరసగా ఉంది. మనం ఫ్రీ చేసిన, అంటే పనైపోయి తిరిగిచ్చేసిన, చిన్న మెమరీ ముక్కల్ని ఇక్కడ మెమరీ పంచిపెట్టే మాలక్ కావాలనే ఆ చెత్తతో నింపుతుంది. నేను ఫ్రీ చేసేసినదాన్నే మళ్లీ వాడుతున్నానన్నమాట. లైనక్స్‌లో పాత విలువ చెరిగిపోకుండా ఉండబట్టి ఇన్నాళ్లూ గండం గడిచింది.

1995లో థియో డి రాట్ నెట్‌బీఎస్‌డీ అనే ఇంకో సిస్టమ్ నుంచి విడిపోయి, కెనడాలోని కాల్గరీలో మొదలుపెట్టిన ప్రాజెక్టు ఇది. 1996 నుంచి సోర్సంతా వరసగా చదివి ఆడిట్ చేస్తున్నారు. ఒకచోట తప్పు దొరికితే దాన్ని సరిచేసి ఊరుకోరు, అదే రకం తప్పు ఇంకెక్కడుందో మొత్తం గాలిస్తారు. దాంతో హ్యాకర్‌కి పని జరుగుతుందా లేదా అన్న చర్చ పెట్టుకోరు. తప్పంటే తప్పే.

దాని ఫలితం నేను కళ్లారా చూసింది 2024 జూలై 1న. దూరంగా ఉన్న సర్వర్లలోకి లాగిన్ అవడానికి వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో పెద్ద కంత బయటపడి, ఆఫీసులో లైనక్స్ సర్వర్లన్నిటికీ ప్యాచ్ వేస్తూ రాత్రంతా కూర్చున్నాం. లాగిన్ గడువు దాటగానే వచ్చే సిగ్నల్‌కి నడిచే కోడ్‌లో, ఆ సమయంలో పిలవకూడని సిస్‌లాగ్‌ని, అంటే లాగ్ రాసే ఫంక్షన్‌ని, పిలవడమే జబ్బు. ఇంటి రూటర్‌కి మాత్రం ఏ బెంగా లేదు, ఎందుకంటే అలాంటి చోట పిలవడానికి పనికొచ్చే వేరే సిస్‌లాగ్‌ని వీళ్లు 2001లోనే రాసుకున్నారు. అలాగని వీళ్లు దేవుళ్లేం కాదు. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ కూడా వీళ్లదే, 2006లో పూడ్చిన ఆ కంతని 2020లో పొరపాటున మళ్లీ తెరిచిందీ వీళ్లే.

ఇంట్లోవాళ్లకి ఈ భద్రత వేరేలా తగిలింది. ఒకరోజు మావాడు స్కూల్ ఫారం అప్‌లోడ్ చేయబోయి, "నాన్నా, ఫైల్సన్నీ పోయాయి!" అని కేకేశాడు. పోలేదు. ఇక్కడి ఫైర్‌ఫాక్స్‌కి మన ఫోల్డర్లలో డౌన్‌లోడ్స్ తప్ప మిగతావి కనబడవు. 2018లో వచ్చిన అన్‌వెయిల్ చేసే పని అది. దానికన్నా ముందు, 2016లో ప్లెడ్జ్ వచ్చింది. ప్రోగ్రామ్ తను ఏయే పనులు చేస్తుందో ముందే మాటిస్తుంది, మాట తప్పితే సిస్టమ్ గుండెకాయలాంటి కెర్నల్ దాన్ని అక్కడికక్కడే చంపేస్తుంది. ఫారం డౌన్‌లోడ్స్‌లోకి కాపీ చేసి ఇచ్చాను. వాడికి ఇది ఇప్పటికీ చాదస్తంగానే ఉంది.

ఇబ్బందులు లేవా అంటే, ఉన్నాయి. బ్లూటూత్ లేదు, 2014లోనే పీకేశారు. ప్రాసెసర్‌లో ఒక్కో కోర్‌ని రెండుగా వాడుకునే హైపర్‌థ్రెడింగ్ మామూలుగా ఆపేసి ఉంటుంది, బ్రౌజర్ నెమ్మది. ఫైల్ సిస్టమ్‌కి జర్నలింగ్, అంటే చేయబోయే మార్పుల్ని ముందే రాసిపెట్టుకునే పద్ధతి, లేదు, కాబట్టి మన కరెంటు కోతల్లో మెషిన్ ఠపీమని ఆగిపోతే మళ్లీ లేచేటప్పుడు డిస్కంతా తనిఖీ అయ్యేదాకా టీ తాగుతూ కూర్చోవాలి. యూపీఎస్ కొన్నది అందుకే.

ఆరు నెలలకో వెర్షన్ వస్తుంది. చివరి రెండింటికే ప్యాచ్‌లు. నేను బద్ధకించి ఏడాదిన్నర వదిలేశాను. వెర్షన్లు ఎగిరి దూకకూడదు, ఒక్కో మెట్టే ఎక్కాలి. అలా ఒక ఆదివారం మొత్తం పోయింది. వేళకి చేస్తే మాత్రం సిస్‌అప్‌గ్రేడ్ అని ఒక్క కమాండ్ కొట్టి భోజనానికి వెళ్లొచ్చు.

గేమ్‌లూ, వైర్‌లెస్ ఇయర్‌ఫోన్లూ కావాలనుకునేవాళ్లు దీని జోలికి రావద్దు. రూటర్‌కీ, చిన్న సర్వర్‌కీ అయితే నేను ఇంకోటి చూడను.

అన్నట్టు, నా యూపీఎస్ ప్రోగ్రామ్‌కి కూడా ఈమధ్య ప్లెడ్జ్ పెట్టాను. మర్నాడే చచ్చి పడుంది. సెట్టింగుల ఫైల్ మళ్లీ చదువుతానని మాటివ్వడం మరిచిపోయాను.