రిమోట్ డెస్క్‌టాప్‌లో క్విక్‌బుక్స్ ఎంటర్‌ప్రైజ్: కార్డు పేమెంట్ల దగ్గరే అసలు పని

విండోస్ సర్వర్ మీద క్విక్‌బుక్స్ ఎంటర్‌ప్రైజ్ (ఇంట్యూట్ కంపెనీ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్), అందరూ రిమోట్ డెస్క్‌టాప్‌లో, అంటే తమ కంప్యూటర్ నుంచే ఆ సర్వర్ తెరలోకి, లాగిన్: అమెరికా కంపెనీల లెక్కలు హైదరాబాద్ నుంచి చూసేవాళ్లకి ఈ ఏర్పాటు కొత్తేమీ కాదు. ఇన్నాళ్లు వాడాక చెప్పాలంటే, ఇన్‌వాయిస్‌లకి ఢోకా లేదు. కార్డు తీసుకోవడం దగ్గరే తిప్పలు.

‘పర్మిషన్ ఇచ్చాం, అయినా కార్డు పడట్లేదు’ అంటే మూడు చోట్ల చూడాలి. సర్వర్‌లో రిమోట్ డెస్క్‌టాప్ యూజర్స్ గ్రూపులో పేరుండాలి. క్విక్‌బుక్స్‌లో అడ్మిన్‌గా కంపెనీ మెనూ నుంచి యూజర్స్, అక్కణ్నుంచి సెటప్ యూజర్స్ అండ్ రోల్స్‌కి వెళ్లి, పేమెంట్లు తీసుకునే రోల్ ఇవ్వాలి. అందరూ మర్చిపోయేది మూడోది: కార్డు డబ్బు వచ్చే ఇంట్యూట్ పేమెంట్స్ ఖాతాలో ఆ మనిషిని విడిగా చేర్చాలి, తన సొంత ఇంట్యూట్ లాగిన్‌తో తన సెషన్‌లోనే (సర్వర్‌లో తను లాగిన్ అయిన తెరలోనే) సైన్ ఇన్ చేయించాలి. ఒకే లాగిన్ పదిమందికి పంచితే పీసీఐ (కార్డు సమాచార భద్రతా ప్రమాణం) నియమాలు ఒప్పుకోవు సరే, రీఫండ్ ఎవరు కొట్టారో కూడా తేలదు.

పూర్తి కార్డు నంబరు చూసే అనుమతి వేరే ఉంటుంది. వసూలు చేసేవాళ్లలో చాలామందికి అది అనవసరం, తీసేయండి. క్విక్‌బుక్స్‌లో కస్టమర్ క్రెడిట్ కార్డ్ ప్రొటెక్షన్ ఆన్ చేస్తే 90 రోజులకోసారి పాస్‌వర్డ్ మార్చమంటుంది, బాగుంది. కానీ 7 అక్షరాలున్నా చాలంటుంది. పీసీఐ 4.0.1 ప్రకారం 2025 మార్చి 31 నుంచి కనీసం 12 ఉండాలి, కాబట్టి పొడవాటిదే పెట్టించండి.

అదే ప్రమాణంలోని 3.4.2 నిబంధన, రిమోట్‌గా పనిచేసేవాళ్లు కార్డు నంబరు కాపీ చేసుకోకుండా ఆపాలంటుంది. సర్వర్ సెట్టింగులుండే గ్రూప్ పాలసీలో రిమోట్ డెస్క్‌టాప్ సెషన్ హోస్ట్ కింద డివైస్ అండ్ రిసోర్స్ రీడైరెక్షన్‌లో క్లిప్‌బోర్డు, డ్రైవ్ రెండూ మూసేయండి. మొదటి వారం అందరూ గోల పెడతారు, పట్టించుకోవద్దు.

స్వైప్ రీడరు సంగతి వేరు. కీబోర్డులా పనిచేసే రకమైతే డ్రైవరేమీ లేకుండానే సెషన్‌లోకి అక్షరాలు పంపుతుంది. నెట్ నెమ్మదిస్తే మధ్యలో ఒకటి రెండు జారిపోతాయి, ‘కార్డు చదవలేదు’ అని వస్తుంది. ఇన్‌స్క్రిప్ట్ తెలుగు కీబోర్డు ఆన్‌లో ఉంటే ఇంకా తమాషా: కార్డు వెనక నల్ల పట్టీలోని రెండో ట్రాకు (సమాచార వరస) మొదట్లో రావాల్సిన సెమీకోలన్ ‘చ’ అయి కూర్చుంటుంది. స్వైప్‌కి ముందు ఇంగ్లిష్ కీబోర్డుకి మార్చాలి.

రిమోట్ డెస్క్‌టాప్ విండో మూసేసి వెళ్లిపోతే సెషన్ తెగుతుంది తప్ప క్విక్‌బుక్స్ లోపల నడుస్తూనే ఉంటుంది, లైసెన్సులో ఒక యూజర్ సీటూ పోతుంది. సైన్ అవుట్ అలవాటు చేయించండి. 15 నిమిషాలు కదలిక లేకపోతే లాక్ పడేలా పెట్టండి.