మూడు ఎండాకాలాలు వాడినాక ఇంటి సోర్బే మిషన్ గురించి

2023 ఏప్రిల్‌లో కొన్నా దీన్ని, గిన్నెని ముందురోజే ఫ్రీజర్లో పెట్టి గడ్డ కట్టించి, మర్నాడు మోటారు బిగించి తిప్పుకునే రకం. పేరుకి ఐస్‌క్రీమ్ మిషనే గానీ నేను ఐస్‌క్రీమ్ చేసింది మహా అయితే నాలుగు సార్లు, మిగతా అంతా సోర్బేనే, అంటే పాలు మీగడ ఏమీ లేకుండా పండు గుజ్జు, చక్కెర, నిమ్మరసం, చిటికెడు ఉప్పు. తిరుపతి ఎండల్లో మధ్యాహ్నం అన్నం తిన్నాక మీగడ ఐస్‌క్రీమ్ తింటే కడుపు బరువెక్కి నిద్ర ముంచుకొస్తది, ఇది అట్లా కాదు, తిన్నట్టే ఉండదు.

మొదటి ఎండాకాలం మొత్తం తిట్టుకున్నా, నిజంగా. లైట్‌గా ఉండాలి కదా అని చక్కెర వెయ్యకుండా బేనీషా (బంగినపల్లి మామిడి) పండ్ల గుజ్జు ఒక్కటే తిప్పి డబ్బాలో పెట్టేసినా, మర్నాడు తీస్తే రాయి, స్పూన్ వంగిపోయింది, మా పాప అయితే "అమ్మా సుత్తి తేనా" అని ఒకటే నవ్వు. మిషన్ నాసిరకం అనుకుని తిరిగి పంపించేద్దామని కూడా చూసినా. తప్పు మిషన్‌ది కాదని చెప్పింది మా తమ్ముడు, వాడు చిత్తూరు దగ్గర మామిడి పల్ప్ ఫ్యాక్టరీలో పని చేస్తాడు. "అక్కా నువ్వు బ్రిక్స్ చూసుకోలే, నీళ్లు గడ్డ కట్టినట్టు కట్టేసింది" అన్నాడు. బ్రిక్స్ అంటే ఏం లేదు, నూరు గ్రాముల రసంలో ఇంచుమించు ఎన్ని గ్రాముల చక్కెర ఉందో ఆ లెక్క, ఫ్యాక్టరీలో ప్రతి లోడుకీ అదే చూస్తారంట. తోతాపురి మామిడి గుజ్జు 14, 15 దగ్గర ఉంటది, సోర్బేకి 28 దాకా తెచ్చుకుంటే ఫ్రీజర్లో మైనస్ 18లో కూడా అందులో కొంత నీరు గడ్డ కట్టకుండా మిగిలిపోతుంది, దానివల్లే స్పూన్ దిగుతుంది. అంటే చక్కెర రుచి కోసం ఒక్కదానికే కాదు, మెత్తదనం దాని నుంచే వస్తుంది.

లెక్క వేసుకుంటే కిలో తోతాపురి గుజ్జుకి 180 గ్రాముల చక్కెర. పుచ్చకాయకి చూడండి, తింటే తియ్యగానే ఉంటది కానీ చాలాసార్లు బ్రిక్స్ 8, 9 దగ్గరే ఉంటది, అంతా నీళ్లే, అందుకని కిలో రసానికి 280 గ్రాముల దాకా పోయాల్సి వస్తది, నాకు నమ్మబుద్ధి కాలే మొదట. చల్లగా ఉన్నప్పుడు నాలిక్కి తీపి తక్కువ తెలుస్తుంది కాబట్టి గిన్నెలో కలిపేటప్పుడు "అబ్బా ఇంత తీపా" అనిపించాలి, అప్పుడే తిన్నప్పుడు సరిపోతుంది. మీగడ లేదు కాబట్టి లైట్ అంటున్నా గానీ, షుగర్ ఉన్నోళ్లకి లైట్ కాదు ఇది, మా మామయ్యకి రెండు స్పూన్లే ఇస్తాం, ఆయన మూడోది అడగడం, మేము వినపడనట్టు ఉండడం రోజూ జరిగేదే.

బ్రిక్స్ చూసే పరికరం లేకపోతే గుడ్డు పరీక్ష ఒకటుంది, కడిగిన పచ్చి గుడ్డుని రసంలో వదిలితే పైన రూపాయి బిళ్లంత కనపడేట్టు తేలాలి, మునిగితే చక్కెర చాలదు, బాగా పైకొస్తే ఎక్కువైంది. ఇది పుచ్చకాయ, ద్రాక్ష లాంటి పల్చటి రసాలకే, మామిడి గుజ్జు చిక్కదనానికి గుడ్డు ఎట్లాగూ మునగదు. ఇంకోటి, మా ఇంట్లో శనివారం గుడ్డు ముట్టుకోనివ్వరు అత్తమ్మ, మా ఆయనకి లీవు దొరికేదేమో శనివారమే. చివరికి తమ్ముడే చేతిలో పట్టే రిఫ్రాక్టోమీటర్ తెచ్చిచ్చాడు, రెండు చుక్కలు వేసి వెలుతురుకి పెట్టి చూస్తే నంబర్ కనపడుతుంది, ఇంక గుడ్డు గొడవ లేదు.

మిషన్ సంగతికొస్తే, లీటరున్నర అని రాసి ఉన్నా 900 మిల్లీ దాటి పోస్తే పొంగి మూతలోకొస్తుంది, నేను 600 గ్రాముల గుజ్జు, 110 గ్రాముల చక్కెరతో ఆపేస్తా. గిన్నె గోడల మధ్య ఏదో ద్రవం ఉంటది, బయటకి తీసి చెవి దగ్గర ఊపితే లోపల గుడగుడమని కదిలిన చప్పుడు రాకూడదు, వచ్చిందంటే ఇంకా గట్టిపడలేదు, మళ్లీ లోపల పెట్టేయండి. మా పాత సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో రెండు రోజులు పెట్టినా ఆ చప్పుడు పోలేదు, డబుల్ డోర్ కొన్నాకే ఇది దారికొచ్చింది, కాబట్టి ముందు మీ ఫ్రీజర్ చూసుకోండి. మధ్యలో కరెంట్ పోతే ఆ రోజుకి మర్చిపోవడమే.

గుజ్జు కూడా రాత్రంతా ఫ్రిజ్‌లో చల్లబడాలి. ఇంకా ముఖ్యం, ముందు మోటారు ఆన్ చేసి తర్వాత పొయ్యాలి, పోసి ఆన్ చేస్తే గోడకి అతుక్కుని రెక్క కదలదు. మే నెలలో మా వంటింట్లో పెడితే పావుగంటకే గిన్నె చల్లదనం పోయి జావలాగా మిగులుతుంది, అందుకే ఏసీ ఉన్న బెడ్‌రూమ్‌లోకి మోసుకెళ్లి తిప్పుతా, ఇరవై, ఇరవై ఐదు నిమిషాలకి మెత్తటి ముద్ద అవుతుంది. ఆగకుండా తిప్పుతుంటే మంచు పలుకులు పెద్దవి కాలేవు, నాలుక మీద ఇసుకలాగా తగలదు, మిషన్ చేసే పని అదొక్కటే. గోల మాత్రం బాగా ఉంది, ఎస్వీబీసీ భక్తి చానెల్‌లో కల్యాణోత్సవం వచ్చే టైమ్‌కి ఆన్ చేశానంటే "ఏమ్మా, ఇప్పుడే కావాల్నా అది" అంటారు అత్తమ్మ.

కోపం వచ్చిన సంగతి ఒకటి చెప్పాలి, రెండో ఏడు రెక్క మీద ఉండే ప్లాస్టిక్ క్లిప్ విరిగింది. కంపెనీకి ఫోన్ చేస్తే ఫొటో పంపమన్నారు, పంపినా, బిల్లు అడిగారు, పంపినా, రెండు నెలల తర్వాత ఆ పార్ట్ విడిగా అమ్మం అన్నారు. వీధి చివర మిక్సీలు రిపేర్ చేసే అన్న సన్న తీగ చుట్టి బిగించి ఇచ్చాడు, ఇప్పటికీ దాంతోనే నడుస్తోంది.

2025లో దీనికి అసలు పని పడింది. తోతాపురి ధర పడిపోయి, ఫ్యాక్టరీలు ఎనిమిది, ప్రభుత్వం నాలుగు కలిపి కిలోకి పన్నెండు రూపాయలు అని ప్రకటించిన ఏడాది అది, కాయ కోసినా కూలి రాదని మా మేనమామ దామలచెరువు మామిడి మార్కెట్‌కి తీసుకెళ్లకుండా నాలుగు బస్తాలు మా ఇంటి ముందు దించి వెళ్లాడు. జూన్, జూలై రెండు నెలలు అదే పని, గుజ్జు తీసి కవర్లలో గడ్డ కట్టించడం, రెండు రోజులకోసారి తిప్పడం. తోతాపురికి ఉండే ఆ కాస్త పులుపు సోర్బేకి బాగా పట్టింది, ఖాదర్ మామిడితో చేస్తే వాసన గొప్పగా ఉంటది గానీ నాలుగు స్పూన్లకే మొహం మొత్తుతుంది నాకైతే. నేరేడు పండు ఇంకా బాగుంది, ఉప్పు ఒక్క చిటికెడు ఎక్కువ వెయ్యండి. సీతాఫలాన్ని మాత్రం పొయ్యి మీద పెట్టొద్దు, వేడి తగిలితే చేదెక్కుతుంది, చక్కెర చల్లటి గుజ్జులోనే కరిగించుకోవాలి.

వారంలోపల తినేయండి, అంతకు మించితే పైన మంచు పేరుకుంటది, బటర్ పేపర్ అద్ది మూత పెడితే కాస్త ఆగుతుంది. వడ్డించే ముందు పది నిమిషాలు బయట పెట్టాలి, మా ఇంట్లో ఆ పది నిమిషాలు మామయ్య డబ్బా పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటారు.