కువాలా తెరెంగ్గానులో కెరిస్ మరమ్మతు: ఒక సేకర్త సమీక్ష

మలేషియా తూర్పు తీరాన ఉన్న కువాలా తెరెంగ్గానులో, ఇంటి వసారాలోనే చెక్కపని, ఇనుపపని రెండూ చేసే ఒక పెద్దాయనకు నా పాత కెరిస్ బాకును మరమ్మతుకు ఇచ్చాను. ఏడు వంపుల ఆ బాకు అలుగుకు తుప్పు పట్టింది, పిడి వదులైంది, ఒర పైభాగాన అడ్డంగా పడవలా ఉండే సంపిర్ ఒక కొమ్మున విరిగింది.

తుప్పు తీయడంలోనే ఆయన పనితనం తెలుస్తుంది. గాఢమైన ఆమ్లంలో ముంచి, తిరిగే తీగ బ్రష్షుతో రుద్ది తొందరగా మెరిపించే పద్ధతిలో తుప్పుతోపాటు అంచులు, పామోర్ అనే పొరల చారలు కూడా అరిగిపోతాయి. ఈయన అలుగును కొబ్బరినీళ్లలో నానబెట్టి, నిమ్మరసంతో కొద్దికొద్దిగా తుప్పు వదిలించి, పూర్తిగా ఆరాక హరిదళం అనే పసుపు ఖనిజం కలిపిన నిమ్మరసం పూశారు. దానితో ఇనుము నల్లబడి, నికెల్ ఉన్న పొరలు తెల్లగా తేలాయి. హరిదళంలో ఆర్సెనిక్ ఉంటుంది కనుక చేతి తొడుగులు వేసుకుని ఆరుబయటే ఆ పని చేశారు. గుంటలు పడిన చోట సానపట్టకుండా వదిలేయడం నాకు అన్నిటికన్నా నచ్చింది. కెరిస్ వంపులు ఎప్పుడూ బేసి సంఖ్యలోనే ఉంటాయి. అతిగా అరగదీస్తే మొన దగ్గరి వంపు మాసిపోయి ఆ లెక్కే చెడుతుంది.

పిడిని జిగురుతో అంటించకుండా, పిడి లోపలికి దిగే అలుగు తోకకు గుడ్డపీలిక చుట్టి బిగించారు. రేపు మరొకరు విప్పవలసి వస్తే దేనికీ దెబ్బ తగలదు. సంపిర్ కొమ్మును పాతదానిలాగే కెమునింగ్ చెక్కతో చెక్కి అతికారు. కొత్త చెక్క ఇంకా పసుపుపచ్చగా ఉన్నా అతుకు వేలికి తగలదు. వెండిపని ఆయన చేయరు. దానికి కంసాలి దగ్గరికి వెళ్లమంటారు.

కూలి ముందే చెప్పి అంతే తీసుకున్నారు, కానీ చెప్పిన గడువు దాటింది. అంతకన్నా పెద్ద లోపం, ఏ భాగం పాతదో ఏది కొత్తదో తెలిపే కాగితం ఇవ్వకపోవడం. చెక్క రంగు ముదిరాక ఆ కొమ్మును అసలుదిగా చూపి ఎవరైనా అమ్మవచ్చు, కొన్నవారికి తేడా తెలియదు. అయినా అలుగు, పిడి, ఒర పనులకు ఈయన దగ్గరికి నిస్సంకోచంగా వెళ్లమంటాను. అయితే ఇచ్చేముందు అన్ని వైపులా ఫొటోలు తీసుకుని, విరిగిన పాత ముక్కను తప్పక వెనక్కి అడిగి, కెరిస్‌తోపాటే భద్రపరచుకోవాలి.