చిడతల చప్పుడు వెంట టాంజియర్, ఎస్సవీరా

"అక్కా, మొరాకో అంటే అందరూ మరాకెష్ పోతారు. నువ్వేమో రేడియో స్టేషన్ టెక్నీషియన్ కోసం టాంజియర్ అంటావు" అని మా తమ్ముడు స్పెయిన్ దక్షిణ కొసన టారిఫా రేవులో నవ్వాడు. వాడికి స్పెయిన్‌లో ఉద్యోగం. అక్టోబర్‌లో వాడి దగ్గరికి వెళ్లి, ఒక వారం నా వెంట లాక్కుపోయాను.

ఆ టెక్నీషియన్ పేరు అబ్దెల్లా ఎల్ గుర్ద్. 1947లో టాంజియర్‌లో పుట్టారు. జీతం ఒకప్పుడు అమెరికా ప్రభుత్వ రేడియో వాయిస్ ఆఫ్ అమెరికా స్టేషన్‌లో, ప్రాణం మాత్రం మొరాకోలోని గ్నావా అనే జనం సంగీతంలో. 1960ల చివర బ్రూక్లిన్ జాజ్ పియానో విద్వాంసుడు రాండీ వెస్టన్ ఈ ఊళ్లో కాపురం పెట్టి, ఆఫ్రికన్ రిథమ్స్ అని ఒక క్లబ్బు నడిపాడు. ఆయనకు గ్నావా లోకం తలుపు తీసింది ఈయనే. ఆ స్నేహం 2018లో వెస్టన్ పోయేదాకా సాగింది.

ముందు దారి సంగతి. టారిఫా నుంచి ఫెర్రీ గంట ప్రయాణం, నేరుగా ఊరి రేవులోనే దిగుతాం. స్పెయిన్‌లోనే మరో రేవు ఆల్హెసిరాస్ నుంచి ఎక్కితే మాత్రం టాంజియర్ మెడ్ రేవులో దింపుతారు. అక్కడి నుంచి ఊరు నలభై కిలోమీటర్ల పైనే. టికెట్ కొనేటప్పుడు రేవు పేరు పూర్తిగా చదువుకోండి. ఇంకోటి, మీది సింగిల్ ఎంట్రీ షెంగెన్ వీసా అయితే మొరాకో వెళ్లాక దాని మీద మళ్లీ స్పెయిన్‌లోకి రానివ్వరు. మొరాకో డబ్బు దిర్హామ్‌లు దిగాకే మార్చుకోవాలి.

టాంజియర్‌లో మేం పాత ఊళ్లో, అంటే మదీనాలో దిగాం. సందుల్లోకి టాక్సీ రాదు, అన్నీ మెట్లే. పెట్టె మోసిన కుర్రాడు ఇరవై దిర్హామ్‌లని మొదలుపెట్టి గుమ్మం దగ్గర యాభై అన్నాడు. చివరికి ముప్పైకి తెగింది. గది రాత్రికి 450. చిన్నదే కానీ శుభ్రం, డాబా ఎక్కితే జలసంధి అవతల స్పెయిన్ కనిపిస్తుంది. శాకాహారులకు ఇక్కడ బిస్సారా అని ఒకటి ఉంది. బాకలా గింజలు (ఫావా బీన్స్) మెత్తగా ఉడికించి, పైన ఆలివ్ నూనె, జీలకర్ర పొడి వేసి రొట్టెతో ఇస్తారు. మన ముద్దపప్పుకి దగ్గరి చుట్టం. మూడు రోజులూ పొద్దున్నే అదే తిన్నాను. హరీరా సూప్ ఆర్డర్ చేసే ముందు మాత్రం మాంసం వేశారేమో అడగండి.

ఇక వచ్చిన పని. ఎల్ గుర్ద్ 1980లో మదీనాలోనే దార్ గ్నావా మొదలుపెట్టారు. దార్ అంటే ఇల్లు. ఇది నిజంగా ఇల్లే, టికెట్టూ స్టేజీ ఊహించుకుని వెళ్లకండి. గోడల నిండా ఫొటోలు, జాజ్ వాళ్లూ గ్నావా వాళ్లూ పక్కపక్కనే. మేం వెళ్లిన సాయంత్రం పెద్దాయన అక్కడ లేరు, వాయించింది కుర్రాళ్లు. పుదీనా టీ ఇచ్చి కూర్చోమన్నారు.

గ్నావాల తంత్రీ వాద్యం గెంబ్రిని అంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి. చెక్కను దోనెలా తొలిచి, పైన ఒంటె తోలు బిగించి, మూడు నరం తీగలు కడతారు. కర్ర చివర ఇనుప రేకు, దాని చుట్టూ చిన్న రింగులు. తీగ మీటితే అవి గలగలమంటాయి. వాయించేవాడు అదే చేత్తో తోలు మీద దరువు కూడా వేస్తాడు, తంత్రీ తనదే డోలూ తనదే. మిగతావాళ్ల చేతుల్లో క్రాకెబ్‌లు, మన చిడతల్లాంటివే కానీ పూర్తిగా ఇనుము. చిన్న గదిలో నలుగురు ఒకేసారి వాయించేసరికి చెవులు గింగుర్లెత్తాయి. మూడూ కాని నాలుగూ కాని నడక అది. తమ్ముడు తాళం వేద్దామని రెండుసార్లు ప్రయత్నించి చేతులు కట్టుకున్నాడు.

జాజ్ దీంతో ఎందుకు కలిసిందో అక్కడ కూర్చుంటే తెలిసిపోతుంది. గెంబ్రి చేసేది బేస్ పనే. ఒకరు అందుకుంటే గుంపు బదులిస్తుంది. సహారా దాటించి తెచ్చిన బానిసల వారసులు గ్నావాలైతే, సముద్రం దాటించిన వాళ్ల వారసుల సంగీతం జాజ్. నాకైతే మా హైదరాబాద్ ఏసీ గార్డ్స్ గుర్తొచ్చింది. నిజాం ఆఫ్రికన్ అశ్వికదళం పేరే ఆ పేట పేరు, ఆ సిద్దీల మర్ఫా దరువు ఇప్పటికీ పెళ్లిళ్లలో వింటాం.

గ్నావాల అసలు వేడుక పేరు లీలా. అరబ్బీలో రాత్రి అని అర్థం, మన లీలతో సంబంధం లేదు. తెల్లవార్లూ పాట, రంగు రంగుకీ వేరే ధూపం, పూనకం. అది చికిత్స, కచేరీ కాదు. వెస్టన్ 1972 నాటి 'బ్లూ మోసెస్'కి మూలం ఇందులోని సిదీ మూసా (అంటే మోసెస్) పాటే, ఆ పాట రంగు నీలం. తర్వాత ఎల్ గుర్ద్ సాక్సఫోన్ విద్వాంసుడు ఆర్చీ షెప్‌తోనూ వాయించారు. 2024లో అంతర్జాతీయ జాజ్ దినోత్సవానికి టాంజియర్ ముఖ్య వేదిక అయిందంటే, ఆ పునాది ఈ ఇంట్లో పడ్డదే అంటాను.

అక్కడి నుంచి అట్లాంటిక్ తీరంలోని ఎస్సవీరా. అల్ బురాక్ అనే హైస్పీడ్ రైలు కాసాబ్లాంకాకి రెండు గంటల పది నిమిషాలు. నిమిషం ఆలస్యం కాలేదు, సీట్లు హాయి. అక్కడ మారి మరాకెష్, ఆపై బస్సులో మూడు గంటలు. ఎస్సవీరాకి రైలు లేదు. బస్సు పర్లేదు కానీ పెట్టెకి వేరే చీటీ కొనాలని ఎవరూ చెప్పలేదు, బయల్దేరే ముందు పరుగెత్తించారు.

ఊరు మాత్రం చూడముచ్చట. తెల్ల గోడలు, నీలం పడవలు, ఆగని గాలి. గది 600 పెట్టినా దుప్పట్లు చెమ్మ, వైఫై రిసెప్షన్ దాటి రాదు. సముద్రం వైపు గది అని మురిసిపోకుండా లోపలి వైపు తీసుకోండి. 1994లో అమెరికన్ జాజ్ సాక్సఫోన్ విద్వాంసుడు ఫరోవా సాండర్స్ ఇక్కడికొచ్చి మాలెం మహమూద్ గినియాతో రికార్డు చేశారు. మాలెం అంటే ఉస్తాద్. 1998 నుంచి జరిగే గ్నావా పండగకి లోకమంతా వస్తుంది, పెద్ద వేదికల దగ్గర చూడటం ఉచితం. అప్పుడు గదులు నెలల ముందే బుక్ చేసుకోవాలట. మేం వెళ్లింది పండగ లేనప్పుడు. దొరికిందల్లా రెస్టారెంట్ గ్నావా. రెండు పాటలు, వెంటనే టోపీ చాచడం. చేపలు తినేవాళ్లకి రేవు దగ్గర కాల్చిన సార్డీన్లు బావున్నాయట, తమ్ముడి మాట.

పండగ కోసమైతే ఎస్సవీరాకే వెళ్లండి. మామూలు రోజుల్లో అయితే నా ఓటు టాంజియర్‌కి, కనీసం మూడు రాత్రులు.

ఎస్సవీరా బజారులో క్రాకెబ్‌లు ఒక జత 150కి బేరమాడి కొన్నాను. తిరుగు ప్రయాణంలో చేతిసంచిలో పెట్టి తప్పు చేశాను. స్కానర్ దగ్గర ఆపేసి ఇవేంటన్నారు. చెప్తే అర్థం కాలేదు, వాయించి చూపించమన్నారు. వెనక క్యూలో ఒక మొరాకో పెద్దమనిషి నా చేతిలోంచి తీసుకుని సరైన నడకలో వాయించాక గానీ వదల్లేదు.