అందరికీ ఒకే డేటాబేసా, ఎవరిది వారికా?

సెమిస్టరు మొదలయ్యేటప్పుడు తోటి అధ్యాపకులు నన్ను అడిగే ప్రశ్న ఒకటే. విద్యార్థులకు క్లౌడ్‌లో కోడింగ్ ఏర్పాటు, దానితో పాటు ఒక డేటాబేస్ కావాలి. ఒకే సర్వరు పెట్టి అందరినీ అందులోకి పంపాలా, ఎవరి కంటైనర్ (మిగతా వాటితో కలవకుండా విడిగా ప్రోగ్రాములు నడిచే చోటు) వారికి ఇవ్వాలా? రెండూ నడిపి చూశాను. ఉచిత గంటలు, వేగం ఎలాగూ అందరూ లెక్క వేసుకుంటారు. నేను చూసేది మాత్రం వేరు: డేటాబేస్‌ను పాడుచేసుకున్న విద్యార్థి, ఎవరినీ బతిమాలకుండా, తరగతి ముగిసేలోపు దాన్ని మళ్లీ మొదటికి తెచ్చుకోగలడా?

ఉమ్మడి సర్వరు పెట్టడం సులువు. ఒక పోస్ట్‌గ్రెస్ (డేటాబేస్ సర్వరు ప్రోగ్రాము), ఒక చిరునామా, ఒక పాస్‌వర్డు. మొదటి ఏడాది ఆ పాస్‌వర్డును బోర్డు మీదే రాసేశాను. మూడో వారంలో ఒక అమ్మాయి అప్‌డేట్ వాక్యంలో, ఏ వరుసలు మార్చాలో చెప్పే వేర్ షరతు మరిచిపోయింది. నమూనా పట్టికలోని ఉద్యోగులందరికీ ఒకే జీతం వచ్చింది, గదిలో ఒక్కరి జవాబూ సరిపోలేదు. తప్పు ఆమెది కాదు, నాది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని, ఒక్కొక్కరికీ వేరే రోల్ (డేటాబేస్ ఖాతా), వేరే స్కీమా (పట్టికలకు విడి గది) ఇచ్చాను. గొడవ తగ్గింది కానీ కొత్త రోల్స్ సృష్టించి గ్రాంట్, రివోక్ (అనుమతులు ఇవ్వడం, వెనక్కి తీసుకోవడం) పరీక్షించే అధికారం విద్యార్థులకు ఇవ్వలేకపోయాను. పోస్ట్‌గ్రెస్‌లో కనెక్షన్ల పరిమితి మార్చకపోతే 100. ఎడిటర్, టెర్మినల్, అప్లికేషన్ కలిపి ఒక్కొక్కరు మూడేసి తెరిచి ఉంచితే నలభై మందికే చాలదు.

అందుకే ఇప్పుడు గిట్‌హబ్ కోడ్‌స్పేసెస్ (ఎవరికి వారికి క్లౌడ్‌లో విడి యంత్రం ఇచ్చి, బ్రౌజర్‌లోనే కోడ్ రాయనిచ్చే సేవ) వైపు మొగ్గాను. రిపాజిటరీలో (కోడ్ ఉండే చోటులో) ఆ ఏర్పాటును వివరించే డెవ్‌కంటైనర్ ఫైలు, ఏయే కంటైనర్లు నడపాలో చెప్పే డాకర్ కంపోజ్ ఫైలు, నమూనా డేటా నింపే ఎస్‌క్యూఎల్ ఫైలు ఉంటాయి. తెరిచిన ప్రతి విద్యార్థికీ సొంత పోస్ట్‌గ్రెస్ వస్తుంది, అందులో సూపర్‌యూజర్ (అన్ని అధికారాలూ ఉన్న ఖాతా) తనే. పట్టికలన్నీ డ్రాప్ చేసినా పక్కవాడికి తెలియదు.

ఇక్కడా రెండు చిక్కులున్నాయి. పోస్ట్‌గ్రెస్ ఇమేజ్‌లో (కంటైనర్‌ను తయారుచేసే మూసలో) నమూనా డేటా నింపే ప్రారంభ స్క్రిప్టులు డేటా డైరెక్టరీ ఖాళీగా ఉన్నప్పుడే నడుస్తాయి. కంటైనర్‌ను ఆపి మళ్లీ మొదలుపెడితే మొదటి నమూనా డేటా తిరిగి వస్తుందని విద్యార్థులు ఎదురుచూస్తారు, రాదు. కాబట్టి డేటాబేస్‌ను తీసేసి, మళ్లీ సృష్టించి, నమూనా డేటా ఎక్కించే మూడు వరుసల స్క్రిప్టు ఒకటి నేనే రాసి ఉంచుతాను. తెరిచి ఉన్న కనెక్షన్లు అడ్డు రాకుండా, డేటాబేస్‌ను తీసేసే డ్రాప్‌డీబీ ఆదేశానికి ఫోర్స్ ఎంపిక జోడించాలి. అది పోస్ట్‌గ్రెస్ 13వ వెర్షను నుంచి ఉంది. రెండోది, కంపోజ్‌లో డిపెండ్స్ ఆన్ (ఒక కంటైనర్ మరొకదాని కోసం ఆగాలని చెప్పే వరుస) అని ఊరికే రాస్తే విద్యార్థి కంటైనర్ డేటాబేస్ కంటైనర్ మొదలయ్యే వరకే ఆగుతుంది, అది కనెక్షన్లు తీసుకునే వరకు కాదు. డేటాబేస్ సిద్ధమైందా అని చూసే హెల్త్‌చెక్ పెట్టి, దాని కోసం ఆగమని చెప్పకపోతే మొదటి తరగతి సగం దీనికే పోతుంది.

కోడ్‌స్పేసెస్‌లో వ్యక్తిగత ఉచిత ఖాతాకు నెలకు 120 కోర్-గంటలు, అంటే రెండు కోర్ల యంత్రం మీద 60 గంటలు. బ్రౌజర్ ట్యాబ్ మూసినంత మాత్రాన యంత్రం ఆగదు. సెట్టింగు మార్చకపోతే పని లేకుండా 30 నిమిషాలు గడిచాకే ఆగుతుంది. అలాగే 30 రోజులు తెరవని కోడ్‌స్పేస్ తొలగిపోతుంది, అందులోని డేటా గిట్‌లో ఉండదు. స్కీమా మార్పులన్నీ ఫైళ్లలో రాసి కమిట్ చేయమని పట్టుబట్టడానికి నాకు ఇది మంచి సాకు.

ఇక ఎస్‌క్యూలైట్ (సర్వరు లేకుండా ఒకే ఫైలులో ఉండే డేటాబేస్) సెలెక్ట్, జాయిన్ నేర్పే మొదటి రెండు వారాలకు చాలు. ఆ తర్వాత ఇబ్బందే: ఫారిన్ కీ (ఒక పట్టికలోని విలువ మరో పట్టికలో ఉండాలనే నియమం) తనిఖీ మనం ఆన్ చేస్తే తప్ప జరగదు, స్ట్రిక్ట్ అని ప్రకటించని పట్టికలో పూర్ణసంఖ్య నిలువు వరుసలో అక్షరాలు కూడా దూరిపోతాయి. గూగుల్ కోలాబ్‌లో (బ్రౌజర్‌లో కోడ్ నడిపే నోట్‌బుక్ సేవలో) సెషన్ ముగిస్తే డిస్కు మాయం.

ఉమ్మడి సర్వరును పూర్తిగా మూసేయలేదు. ఒకరు కమిట్ చేయని ట్రాన్సాక్షన్ వల్ల గదిలో ఇంకెవరి అప్‌డేటో కదలకుండా ఉండిపోవడం, ఆ లాక్‌ను ఎవరు పట్టుకున్నారో వెతకడం సొంత కంటైనర్‌లో అంత రక్తి కట్టవు. లాక్‌ల పాఠం రోజున దాన్ని తెరుస్తాను, పాస్‌వర్డు మాత్రం బోర్డు మీద రాయను.