ఐల్ ఆఫ్ మే పడవ ప్రయాణం: టికెట్ కొనేముందు నెల చూసుకోండి

స్కాట్లండ్‌లో ఫైఫ్ తీరానికి దాదాపు 8 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ ద్వీపం పొడవు 2 కిలోమీటర్లు కూడా ఉండదు. ఆన్‌స్ట్రథర్ రేవు నుంచి ఏప్రిల్–సెప్టెంబరు మధ్య పడవలు నడుస్తాయి. ఈ ప్రయాణానికి 5కి 4 మార్కులు. ఆ ఒక్క మార్కూ వేళల దగ్గర పోయింది. ఆటు సమయంలో రేవులో నీళ్ళుండవు కాబట్టి పడవ బయలుదేరే వేళ రోజురోజుకూ మారుతుంది. ఆన్‌స్ట్రథర్‌లో రైలు స్టేషన్ లేదు. ఎడిన్‌బరో నుంచి వచ్చేవాళ్ళు ముందు పడవ వేళ ఖాయం చేసుకుని, ఆ తర్వాతే బస్సు సంగతి చూసుకోవాలి. తూర్పుగాలి జోరుగా ఉంటే ద్వీపంలో దిగడం కష్టం, ప్రయాణమే రద్దు కావచ్చు. సెలవుల్లో ఆఖరి రోజుకు మాత్రం పెట్టుకోకండి.

పఫిన్లనే రంగురంగుల ముక్కు సముద్ర పక్షుల కోసమైతే మే చివర నుంచి జులై మధ్య దాకా మంచి కాలం. జూన్ చివరికి పిల్లల కోసం చిన్న చేపల్ని ముక్కున కరుచుకుని వస్తుంటాయి. ఆగస్టు మధ్యకి దాదాపు అన్నీ సముద్రం మీదికి వెళ్ళిపోతాయి. బడి సెలవులని ఆగస్టు చివర్లో వచ్చే కుటుంబాలకు నిరాశే. దారి దాటి అడుగు వేయకూడదు: మెత్తటి నేల కింద పఫిన్లు గూడు పెట్టుకునే బొరియలున్నాయి, కాలు పడితే పైకప్పు కూలి లోపలి పిల్ల చచ్చిపోతుంది. దిగే చోటే గూళ్ళు పెట్టుకునే ఆర్కిటిక్ టెర్న్‌లనే సముద్ర పక్షులు నెత్తిన పొడుస్తాయి. అన్నిటికన్నా ఎత్తుగా ఉన్నదాన్నే పొడుస్తాయి కనుక టోపీ పెట్టుకుని చెయ్యి పైకెత్తి నడిస్తే చాలు.

ద్వీపం మీద ఉండేది రెండు మూడు గంటలే. చాలామంది ఆ సమయమంతా పక్షుల ఫొటోలకే ఇచ్చేస్తారు, అది అన్యాయం. స్కాట్లండ్‌లో మొదటి దీపస్తంభం 1636లో ఇక్కడే కట్టారు. పైన ఇనుప కుంపట్లో బొగ్గు మండించేవారు. 1791లో పేరుకుపోయిన బూడిద కుప్పల నుంచి వచ్చిన విషవాయువుకు కాపలాదారు, భార్య, ఐదుగురు పిల్లలు చనిపోయారు. పసిపాప ఒక్కతే బతికింది. పక్కనే ఇంజనీరు రాబర్ట్ స్టీవెన్‌సన్ కోటలా కట్టిన 1816 నాటి దీపస్తంభం ఉంది. పాతదాన్ని పూర్తిగా పడగొట్టబోతే, కింది అంతస్తయినా ఉంచమన్నది రచయిత వాల్టర్ స్కాట్. దిగగానే నేరుగా అక్కడికి నడిచి, మఠం శిథిలాల్నీ పక్షుల్నీ తిరిగొచ్చేటప్పుడు చూడండి.

ద్వీపంలో తిండి దొరకదు. నీళ్ళూ చలికోటూ వెంట ఉండాలి. కుక్కల్ని రానివ్వరు. నార్త్ బెర్విక్ అనే మరో రేవు ఊరి నుంచి వేగంగా వెళ్ళే రబ్బరు పడవలూ ఉన్నాయి గానీ అందులో తడవక తప్పదు, చిన్నపిల్లలతో అయితే ఆన్‌స్ట్రథర్ పెద్ద పడవే నయం.